మూడు నెలలుగా తిరుగుతున్నా జి.ఐ. జో బొమ్మలు స్టోర్లలో ఎందుకు దొరకడం లేదు?

టెక్సస్‌లో డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అబ్బాయికి తొమ్మిదేళ్లు. జి.ఐ. జో అనే అమెరికన్ మిలిటరీ బొమ్మల్లో, క్లాసిఫైడ్ సిరీస్‌లో వచ్చే కోబ్రా సైనికులు (జో కథల్లో విలన్ల సైన్యం) కావాలని పట్టుబట్టాడు. ఈయన మూడు నెలలుగా ఇంటి చుట్టుపక్కల ఉన్న టార్గెట్, వాల్‌మార్ట్ లాంటి పెద్ద స్టోర్లన్నీ తిరిగారు. ఎక్కడ చూసినా అవే రెండు మూడు బొమ్మలు, దుమ్ము పట్టి. ఆన్‌లైన్‌లో చూస్తే రెట్టింపు ధర. "అసలు ఇవి తయారు చేస్తున్నారా? ఏ రోజు, ఏ టైముకి వెళ్తే దొరుకుతాయో తెలిసినవాళ్లు చెప్పండి" అన్నారు. చివర్లో చిన్న మిలిటరీ విమానాలు, ట్యాంకుల గురించి కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. తయారు చేస్తున్నారండీ. మీరు వెతికే చోటికి మాత్రం అవి సరిగ్గా రావు. ఫలానా వారం, ఫలానా టైము అనే రహస్యం ఏదీ లేదు. కావాల్సిన బొమ్మ పేరు తెలిసినప్పుడు ఆన్‌లైన్‌లో ప్రీ ఆర్డర్ (బొమ్మ బయటికి రాకముందే బుకింగ్) పెట్టి మర్చిపోండి. పాలకో గుడ్లకో స్టోర్‌కి వెళ్లినప్పుడు బొమ్మల వైపు ఒక చూపు చూడండి, కనిపిస్తే అదృష్టం. బొమ్మల కోసమే కారు తీయకండి. రెట్టింపు ధర అసలు పెట్టకండి, ఎందుకో కింద చెప్తాను.

నేను నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటాను. ఈ పిచ్చి నాకు ఇరవై ఏళ్లకు పైగా ఉంది (పిచ్చి అన్నది మా ఆవిడ మాట, నేను హాబీ అంటాను). ఇంకో అర్హత కూడా ఉంది. కొన్నేళ్లు రిటైల్ కంపెనీలకు సరుకు ఆర్డర్ పెట్టే సాఫ్ట్‌వేర్ మీద పని చేశాను. అంటే నాకు బొమ్మలు దొరక్కుండా చేసే ప్రోగ్రాముల్లో కొన్ని నేనే రాసి ఉంటాను.

ముందు ఆ దుమ్ము పట్టిన రెండు మూడు బొమ్మల సంగతి చూద్దాం. మీ సమస్యకు సగం మూలం అక్కడే ఉంది. కంపెనీ బొమ్మలను విడివిడిగా స్టోర్‌కి పంపదు. ఒక అట్టపెట్టెలో ఆరో ఎనిమిదో బొమ్మలు సర్ది పంపుతుంది. పెట్టెలో ఎవరెవరు ఎన్ని ఉండాలో ముందే నిర్ణయిస్తారు. అందరూ అడిగే పాత్ర ఒకటే ఉండొచ్చు, ఎవరికీ పట్టని పాత్ర రెండు ఉండొచ్చు. పెట్టె తెరిచిన రోజే మంచివి పోతాయి, మిగిలినవి అలాగే ఉండిపోతాయి. ఇంకో పెట్టె వస్తే మళ్లీ అదే కథ. మూడు పెట్టెలు వచ్చేసరికి అర నిండా ఒకే మొహం కనిపిస్తుంది.

ఇప్పుడు కంప్యూటర్ చేసే పని చూడండి. చాలా స్టోర్లలో ఈ సిరీస్ బొమ్మలన్నిటికీ కలిపి అరలో ఒకే జాగా ఉంటుంది, కొన్నిచోట్ల ఒకే కోడ్ కూడా ఉంటుంది. అరలో పదికి తొమ్మిది ఉన్నాయంటే సిస్టమ్ లెక్కలో స్టాక్ ఫుల్. ఆ తొమ్మిదీ ఎవరూ కొనని బొమ్మలే అన్న సంగతి దానికి తెలియదు. అర ఖాళీ అయితేనే కొత్త సరుకు అడుగుతుంది. అర ఖాళీ కాదు కాబట్టి కొత్త సరుకు గిడ్డంగి దాటి రాదు. ఇలా చోటు ఆక్రమించుకుని కదలని బొమ్మలను ఇక్కడి కలెక్టర్లు, అంటే బొమ్మలు సేకరించేవాళ్లు, పెగ్ వార్మర్లు అంటారు. పెగ్ అంటే కొక్కెం. ఇదివరకు బొమ్మలన్నీ అట్టలకు అతికించి కొక్కేలకు వేలాడదీసేవాళ్లు, ఆ కొక్కేలను వెచ్చగా ఉంచడం తప్ప వేరే పని లేని బొమ్మలు అని వేళాకోళం. క్లాసిఫైడ్ బొమ్మలు డబ్బాల్లో వస్తాయి, అరల్లో నిలబడతాయి, అయినా ఆ మాట మిగిలిపోయింది.

అందుకే మీ స్టోర్‌లో అర ఖాళీగా కనిపిస్తే నిరాశ పడకండి, అది మంచి శకునం. అర నిండుగా పాత బొమ్మలు ఉంటేనే దిగులు పడాలి. నేను అరను చూసే పద్ధతి ఇదే. ఒకే పాత్ర ఐదు కనిపిస్తే ఆ స్టోర్‌కి రెండు నెలల దాకా వెళ్లను. వాటి మీద పసుపు లేదా ఎరుపు రంగు క్లియరెన్స్ చీటీ పడితే మాత్రం ఆ తర్వాత రెండు మూడు వారాలు కన్నేసి ఉంచుతాను. పాతవి పోతున్నాయంటే జాగా వస్తుందని అర్థం. మామూలుగా క్రిస్మస్ అయ్యాక జనవరిలో ఒకసారి, వేసవిలో జూలై ప్రాంతంలో ఒకసారి ఈ ఊడ్పు జరుగుతుంది. ఆ తర్వాత బొమ్మల వరుసలు మళ్లీ సర్దుతారు. ఏడాదిలో నాకు స్టోర్‌లో మంచి బొమ్మ దొరికిన సందర్భాల్లో ఎక్కువ భాగం ఈ సర్దుడు తర్వాత వారాల్లోనివే. మీరు అడిగిన "ఎప్పుడు వెళ్లాలి" అనేదానికి నా దగ్గరున్న జవాబు ఇంతే.

టైము గురించి ఒక్క మాట. రాత్రిపూట సరుకు సర్దే స్టోర్లలో పొద్దున్నే తలుపులు తెరవగానే వెళ్లినవాడికి కాస్త మేలు. నేనూ వెళ్లేవాణ్ని. చలికాలం, ఇంకా తెల్లారలేదు, టార్గెట్ తలుపు ముందు నలుగురం నిలబడ్డాం. నలుగురమూ నలభై దాటినవాళ్లం. ఎవరి మొహం ఎవరం చూసుకోవడం లేదు. ఎనిమిదికి తలుపు తెరిచారు. పరుగెత్తితే పరువు తక్కువ, నెమ్మదిగా నడిస్తే బొమ్మ తక్కువ, కాబట్టి ఆ నడక ఉంటుందే, ఏదో అర్జెంటు పని ఉన్నట్టు, అలా వెళ్లాం. అక్కడ కొత్తవి ఏమీ లేవు. ఆ రోజుతో పొద్దుటి యాత్రలు మానేశాను.

ఇక ఫోన్‌లో స్టోర్ యాప్ తెరిచి "స్టాక్‌లో ఒకటి ఉంది" అని చూసి బయల్దేరడం ఇంకో దండగ. ఆ ఒకటి దొంగతనం అయి ఉండొచ్చు, వేరే అరలో పడి ఉండొచ్చు, పగిలి రిటర్న్ కౌంటర్ వెనక ఉండొచ్చు, బిల్లింగ్‌లో ఒకదానికి బదులు ఇంకోటి స్కాన్ అయి ఉండొచ్చు. లెక్కలో ఉంటుంది, అరలో ఉండదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఒకటి, రెండు అని చూపిస్తే నమ్మకండి. నాలుగు, అంతకంటే ఎక్కువ చూపిస్తే వెళ్లొచ్చు. అప్పుడు కూడా ఉద్యోగిని అడగడానికి బొమ్మ పేరు చెప్తే లాభం లేదు. "కోబ్రా ఇన్‌ఫాంట్రీ ఉందా" అంటే పాపం ఆ అమ్మాయికి ఏం తెలుస్తుంది? టార్గెట్‌లో ప్రతి వస్తువుకీ డీపీసీఐ అని తొమ్మిది అంకెల నంబర్ ఉంటుంది. మూడు, రెండు, నాలుగు అంకెలుగా గీతలు పెట్టి రాస్తారు. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ వస్తువు వివరాల్లో కనిపిస్తుంది. అది చూపించి, మర్యాదగా, రద్దీ లేని టైములో అడగండి. వెనక గదిలో ఉందో లేదో వాళ్ల చేతిలోని మెషీన్ చెప్తుంది. నాకు ఇలా మూడు నాలుగుసార్లు పనైంది. వాల్‌మార్ట్‌లో అయితే డబ్బా మీది బార్‌కోడ్ ఫొటో దగ్గర ఉంచుకోవాలి.

మీ అబ్బాయి అడిగింది మామూలు సైనికుడు కాబట్టి ఇంకో చిక్కు ఉంది. మిలిటరీ బొమ్మలకే ప్రత్యేకమైన చిక్కు ఇది. సూపర్‌హీరో బొమ్మ ఒకడికి ఒకటి చాలు. ఇద్దరు స్పైడర్‌మ్యాన్‌లు ఎవడికి కావాలి? సైన్యం అలా కాదు. మొహానికి ముసుగు, పేరు లేని సైనికుడు అంటే ఒక్కొక్కడు ఆరు, పది, ఇరవై కొంటాడు. అరలో ఒకడు నిలబడితే వాడు కాపలా మనిషి, పది మందిని నిలబెడితే సైన్యం. దీన్ని ఆర్మీ బిల్డింగ్ అంటారు. నేనూ చేశాను, మా బేస్‌మెంట్‌లో పద్నాలుగు మంది నీలం చొక్కాల కోబ్రా వాళ్లు వరుసగా నిలబడి ఉన్నారు. అంటే పెట్టెలో ఒకటో రెండో వచ్చే బొమ్మకు స్టోర్‌కి ముందుగా వచ్చిన ఒక్కడే మొత్తం గిరాకీ. ఇందులో బ్లాకులో అమ్ముకునేవాడి పాపం కొంత, నా లాంటి వాడి పాపం కొంత.

2020లో జరిగిన గొడవ ఈ విషయంలో అందరికీ గుర్తుంటుంది. క్లాసిఫైడ్ సిరీస్ ఆ ఏడాదే మొదలైంది, ఆరంగుళాల బొమ్మలు, ఒక్కోటి 20 డాలర్లు. అందులో కోబ్రా ఐలాండ్ పేరుతో కొన్ని బొమ్మలు టార్గెట్‌లో మాత్రమే అమ్ముతామన్నారు. బీచ్‌హెడ్, రోడ్‌బ్లాక్, మోటార్ సైకిల్‌తో బారోనెస్, వాళ్లతో పాటు కోబ్రా ట్రూపర్, అంటే సరిగ్గా జనం పది పది కొనే బొమ్మ. ఆన్‌లైన్‌లో పెట్టిన నిమిషాల్లో అయిపోయాయి. స్టోర్లలో కనిపించినవాడు అదృష్టవంతుడు. రీసేల్ సైట్లలో ధరలు రెండింతలు, మూడింతలు అయ్యాయి. మా బంధువుల పెళ్లి జూమ్‌లో జరుగుతుంటే ఇంకో విండోలో నేను ఈ పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను. మాంగల్యధారణ అయింది, నాకు బొమ్మ దక్కలేదు.

ఆ తర్వాత జరిగింది మీరు గమనించాలి. మరుసటి ఏడాది దాదాపు అలాంటి సైనికుడినే కోబ్రా ఇన్‌ఫాంట్రీ పేరుతో అన్ని చోట్లా అమ్మకానికి పెట్టారు. 2020లో ట్రూపర్‌కి 60, 70 డాలర్లు పోసినవాళ్లను నేను ఎరుగుదును. ఏడాది ఆగితే మామూలు ధరకే అలాంటి మనిషి దొరికాడు. అచ్చు అనేది ఖరీదైన వస్తువు. ఉక్కును చెక్కి ఒకసారి అచ్చు తయారు చేశాక కంపెనీ దాన్ని ఊరికే పడేయదు. రంగు మార్చి, టోపీ మార్చి, పేరు మార్చి మళ్లీ పోస్తుంది. 1982లో చిన్న సైజు జోలు వచ్చినప్పుడు కూడా ఇదే లెక్క. చాలామంది ఎంతో ఇష్టపడే స్నేక్ ఐస్ పాత్ర ఒళ్లంతా నలుపు ఎందుకో తెలుసా? రంగులు వేసే ఖర్చు మిగులుతుందని. అందుకే రెట్టింపు ధర పెట్టొద్దన్నాను. ముఖ్యంగా సైనికుల బొమ్మలకు అసలు పెట్టొద్దు, అవి మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. మినహాయింపులు లేకపోలేదు. వాహనంతో కలిపి వచ్చినవి, ఒక ఉత్సవంలో మాత్రమే అమ్మినవి అంత తేలిగ్గా తిరిగి రావు.

కొంచెం వెనక్కి వెళ్తాను, ఎందుకంటే "ఇదివరకు ఇలా ఉండేది కాదట కదా" అని కూడా మీరు రాశారు. నిజమే. జి.ఐ. జో 1964లో దాదాపు 12 అంగుళాల బొమ్మగా వచ్చింది. మగపిల్లలు ఆడుకునేదాన్ని డాల్ అంటే కొనరని హాస్‌బ్రో కంపెనీ యాక్షన్ ఫిగర్ అని పేరు పెట్టింది. ఆ మాట అక్కడే పుట్టింది. వియత్నాం యుద్ధం మీద జనానికి విసుగొచ్చాక 1970లో సైనికుడి బట్టలు విప్పేసి సాహసయాత్రల మనిషిగా మార్చారు. 1982లో మూడు ముప్పావు అంగుళాలకు కుదించి మళ్లీ సైన్యంలో చేర్చారు. ఆ ఎనభైల్లో ఇక్కడ పెరిగిన నా స్నేహితులు చెప్తుంటారు, బొమ్మల దుకాణంలో ఒక వరుస మొత్తం ఇవేనట. 1985లో వచ్చిన విమానవాహక నౌక పొడవు ఏడున్నర అడుగులు. దాన్ని పెట్టడానికి స్టోర్‌లో చోటుండేది, ఇంట్లో చోటుండేది.

ఇప్పుడు అలాంటి దుకాణాలు దాదాపు లేవు. మాల్స్‌లో ఉండే కేబీ టాయ్స్ 2009కి మూతబడింది. 2018లో టాయ్స్ ఆర్ అస్ అమెరికాలో ఏడు వందలకు పైగా స్టోర్లు మూసేసింది. బొమ్మలే అమ్మి బతకాల్సిన దుకాణం ఎవరూ కొనని బొమ్మను కూడా ఏడాది పొడవునా ఉంచుతుంది, ఎవడో ఒకడు వస్తాడని. డిటర్జెంట్, అరటిపళ్లు, టీవీలు అమ్మే స్టోర్‌కి ఆ ఖర్మ ఏంటి? బొమ్మలకు ఇచ్చే చోటులో కూడా సినిమా వచ్చిన పాత్రలకే పెద్ద పీట. జి.ఐ. జోకి దక్కేది రెండు మూడడుగుల అర. దానికి తోడు ఒక్కో బొమ్మ ధర 25 డాలర్ల ప్రాంతానికి చేరింది, పిల్లల కోసం వచ్చిన తల్లి దండ్రులు పది డాలర్ల బొమ్మ తీసుకుని వెళ్తారు. స్టోర్ మేనేజర్ స్థానంలో నేనున్నా ఆ అర ఇంకా తగ్గిస్తాను. 2025లో అమెరికా దిగుమతి సుంకాల గొడవ కూడా చూశాం. ఏప్రిల్‌లో చైనా సరుకు మీద 145 శాతం దాకా పోయి, మేలో 30కి దిగింది. అలాంటి నెలల్లో ఏ స్టోరూ కలెక్టర్ల బొమ్మల మీద సాహసం చేయదు.

సరే, మరి ఏం చేయాలి? నేను చేసేది చెప్తాను.

కొత్త బొమ్మ ప్రకటించిన రోజే ప్రీ ఆర్డర్ పెడతాను. హాస్‌బ్రో వాళ్ల సొంత సైట్ హాస్‌బ్రో పల్స్ ఉంది, ఎంటర్‌టైన్‌మెంట్ ఎర్త్, బిగ్ బ్యాడ్ టాయ్ స్టోర్ లాంటి పాత ఆన్‌లైన్ దుకాణాలు ఉన్నాయి. బొమ్మ చేతికి రావడానికి ఆరు నెలలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఆరు నెలలు అంటే యుగం, తెలుసు. అందుకే వాడికి ముందుగా చెప్పకండి. ఆర్డర్ పెట్టేటప్పుడు డబ్బు ఎప్పుడు తీసుకుంటారో చూడండి, కొందరు బొమ్మ పంపేటప్పుడే తీసుకుంటారు, కొందరు వెంటనే. అలాగే ఒక్క బొమ్మకు షిప్పింగ్ కట్టకండి. కొన్ని సైట్లలో నాలుగైదు వచ్చేదాకా వాళ్ల దగ్గరే పోగుచేసి ఒకేసారి పంపించే వీలుంటుంది. పెద్ద వాహనాల దారి ఇంకా వేరు. 2021లో స్కైస్ట్రైకర్ విమానాన్ని 10,000 మంది ముందుగా డబ్బు కడితేనే తయారు చేస్తామన్నారు. 230 డాలర్లు. అంతమంది కట్టారు, తయారు చేశారు. అలాంటిది స్టోర్‌లో ఎప్పటికీ కనిపించదు, వెతకడం వృథా.

తర్వాత, మనుషులు. షార్లెట్‌లో మాకు పదిహేను మంది గ్రూప్ ఉంది. ఎవడికి ఏది కావాలో అందరికీ తెలుసు. ఎక్కడైనా కనిపిస్తే కొని, బిల్లు ధరకే ఇచ్చిపుచ్చుకుంటాం. ఒక్కడు పదిహేను స్టోర్లు తిరగడం కంటే పదిహేను మంది తమ తమ దారిలో ఉన్న ఒక్కో స్టోర్ చూడటం ఎంత తేలిక! డల్లాస్ వైపు ఇలాంటి గ్రూపులు లేకుండా ఉండవు. ఏడాదికోసారి జార్జియాలో అగస్టా ఊళ్లో జోఫెస్ట్ అనే జి.ఐ. జో అభిమానుల మేళా జరుగుతుంది. మాకు రెండున్నర గంటల డ్రైవ్, మీకు దూరమే. కానీ మీ దగ్గర జరిగే మామూలు టాయ్ షోలకు వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నం మూడు దాటాక, బల్లలు సర్దేసే టైముకి అడిగితే బేరం బాగా కుదురుతుంది. బేరమాడటానికి సిగ్గుపడకండి, విజయవాడ బీసెంట్ రోడ్డులో మా అమ్మ చేసినంత చేయక్కర్లేదు గానీ, మూడు కొంటాను ఎంతకిస్తారు అని అడగడం ఇక్కడ తప్పు కాదు.

డబ్బా కొనేటప్పుడు లోపల ఏముందో చూసుకోండి. ఇది నాకు తగిలిన దెబ్బ. 2022, 23 ప్రాంతంలో ప్లాస్టిక్ తగ్గించాలని కొంతకాలం కిటికీ లేని డబ్బాలు తెచ్చారు. లోపలి బొమ్మ బయటికి కనిపించదు. ఒక పెద్ద స్టోర్‌లో చాలా రోజులుగా వెతుకుతున్న డబ్బా దొరికింది. సంబరంగా ఇంటికి తెచ్చి తెరిస్తే లోపల ఒక పాత కుస్తీ వస్తాదు బొమ్మ. ఒక చెయ్యి లేదు, జుట్టు మీద ఎవరో పిల్లాడు నల్ల స్కెచ్ పెన్నుతో గీశాడు. ఎవడో మహానుభావుడు అసలు బొమ్మ తీసేసుకుని, బరువు సరిపోయేలా వస్తాదును పెట్టి, టేపు అంటించి రిటర్న్ చేశాడు. కౌంటర్‌లో వాళ్లు తెరిచి చూడలేదు. నేను పట్టుకెళ్తే నన్నే అనుమానంగా చూశారు. తర్వాత ఆ డబ్బాను మళ్లీ చూస్తే తెలిసింది, మూత దగ్గర గుండ్రటి టేపు మీద ఇంకో టేపు ఉంది, అట్ట అంచు తెల్లగా చీరుకుపోయి ఉంది. ఇప్పుడు మళ్లీ కిటికీలు వచ్చాయి. అయినా టేపు వేలితో తడిమి చూడందే నేను డబ్బా తీసుకోను. కిటికీ లేని పాత డబ్బా అయితే బిల్లు కట్టి, అక్కడే కౌంటర్ ముందు తెరుస్తాను.

ఇక విమానాలు, ట్యాంకులు. 2000 తొలి ఏళ్లలో 1:18 స్కేలులో (అంటే అసలు విమానంలో పద్దెనిమిదో వంతు) ట్వంటీఫస్ట్ సెంచరీ టాయ్స్ వాళ్ల యుద్ధ విమానాలు మామూలు స్టోర్లలోనే దొరికేవి, రెక్కలు చాచితే డైనింగ్ టేబుల్ సగం నిండేది. నేను మొదలుపెట్టింది వాటితోనే. ఆ కాలం పోయింది. ఇప్పుడు 1:72 లోహపు విమానాలంటే హాబీ మాస్టర్, కోర్గీ లాంటి కంపెనీలవి, అన్నీ ఆన్‌లైనే, ఒక్కోటి వంద డాలర్ల పైమాటే. పిల్లాడి చేతికి ఇచ్చేవి కావు, ల్యాండింగ్ గేర్ ముట్టుకుంటే విరుగుతుంది. మీ అబ్బాయికి ఆసక్తి ఉంటే హాబీ లాబీకి తీసుకెళ్లి ఒక ప్లాస్టిక్ కిట్ కొనివ్వండి, ఇద్దరూ కూర్చుని అతికించండి. పాత యుద్ధనౌకలు, విమానాల మ్యూజియంలు ఎక్కడున్నా లోపలి గిఫ్ట్ షాపు వదలకండి. చార్లెస్టన్ దగ్గర యార్క్‌టౌన్ నౌక చూడటానికి వెళ్లినప్పుడల్లా మా వాళ్లు డెక్ మీద ఉంటే నేను ఆ షాపులో ఉంటాను.

ప్రశ్న కింద ఇద్దరు ముగ్గురు హైదరాబాద్ నుంచి "మాకు ఇక్కడ ఆ పెగ్ వార్మర్లు కూడా లేవు సార్" అని రాశారు. అక్కడి కారణాలు వేరు. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. విదేశీ ఫ్యాక్టరీ కూడా ఆ లైసెన్స్ తెచ్చుకోవాలి. వందల రకాలు కొద్ది కొద్దిగా అమ్ముడుపోయే కలెక్టర్ బొమ్మల కోసం ఆ తలనొప్పి ఎవరు పడతారు? అందుకే మాల్‌కి వెళ్తే రిమోట్ కార్లు, బ్లాకులు, టెడ్డీలే. అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, తుపాకులున్న బొమ్మలు, ఫిరంగి ఉన్న ట్యాంకు చేతి బ్యాగులో వద్దు, చెకిన్ సూట్‌కేసులో పెట్టించండి. నేను ఒకసారి సెక్యూరిటీ దగ్గర ట్యాంకు డబ్బా విప్పి, అది పేలదని నిరూపించడానికి పావుగంట నిలబడ్డాను. వెనక క్యూలో మా మావయ్యగారు నన్ను ఎరగనట్టు నిలబడ్డారు.

తమాషా ఏంటంటే, ఒకప్పుడు ఇవి మన దగ్గరే తయారయ్యేవి. ఫన్‌స్కూల్ కంపెనీ హాస్‌బ్రో అచ్చులతో తొంభైల్లో జి.ఐ. జో బొమ్మలు పోసేది. అమెరికాలో ఆగిపోయిన పాత్రలు మన దేశంలో ఇంకా వచ్చేవి, రంగులు కూడా తేడాగా ఉండేవి, పచ్చ ఉండాల్సిన చోట నారింజ. విజయవాడలో ఒక షాపు అద్దం వెనక అవి వేలాడుతుంటే చూడటమే నాకు దక్కింది. పుట్టినరోజుకి ఒకటి, పరీక్షలో ర్యాంకు వస్తే ఒకటి, అంతే. ఆ తర్వాత కొన్నేళ్లకు అమెరికా కలెక్టర్లు అవే బొమ్మలను ఇండియా నుంచి పెట్టెల లెక్కన తెప్పించుకున్నారు. నాకు అప్పుడు దొరకని ఫన్‌స్కూల్ బొమ్మను మొన్న అగస్టాలో ఒక అమెరికన్ తాత దగ్గర కొన్నాను. వెనక "మేడ్ ఇన్ ఇండియా" చదివి, ఇది నీ దేశానిదే అని ఆయన నాకు చెప్పాడు. మీ ఇంట్లో, ఊళ్లో అమ్మమ్మగారి అటక మీద ఇవి ఉంటే పారేయకండి. నడుము విడిపోయిందంటే బొమ్మ పాడైనట్టు కాదు, లోపలి చిన్న రబ్బరు రింగు ఎండి తెగింది. వీపు మీది స్క్రూ విప్పి కొత్త రింగు వేస్తే పది నిమిషాల పని.

చివరిగా ఫ్రిస్కో తండ్రిగారికి. కోబ్రా ఇన్‌ఫాంట్రీ రెండు మా బేస్‌మెంట్‌లో డబ్బా తెరవకుండా ఉన్నాయి. పద్నాలుగు మంది కాపలా చాలు, నాకు వీళ్లు అక్కర్లేదు. నేను కొన్న ధరకే పంపుతాను, మెసేజ్ పెట్టండి. బాబు తుపాకీని బొమ్మ చేతిలో బలవంతంగా దూర్చకుండా చూడండి, ముందు విరిగేది బొటనవేలే. బొమ్మ చేతిని ఒక నిమిషం వేడినీళ్లలో, మరీ మరిగేవి కాదు, ఉంచితే ప్లాస్టిక్ మెత్తబడి వేళ్లు విచ్చుకుంటాయి. అప్పుడు పెట్టి చల్లారనివ్వండి.